తేనెపిట్టకు టచింగు

కొత్తగా కెమెరా కొనుక్కున్న పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. పెరట్లో పిట్టల ఫోటోలు ఎలా తీయాలి, ఈకలు విడివిడిగా కనబడేంత షార్పుగా ఎలా వస్తాయి అని అడుగుతారు. పావగడ బస్టాండు దగ్గర స్టూడియో పెట్టుకొని పెళ్ళిళ్ళతో, పాస్‌పోర్టు ఫోటోలతో జీవితం గడిపినవాణ్ణి నేను. ఊళ్ళో ఫోటో రామాంజి అంటే తెలియనివాళ్ళు లేరు కాబట్టి, నాకు ఏదో తెలిసి ఉంటుందని ఆ పిల్లల నమ్మకం. నేనూ మీసం సవరించుకొని వాళ్ళని హాల్లోకి తీసుకుపోతాను. అక్కడ గోడమీద పెద్ద తేనెపిట్ట ఫోటో ఒకటి ఉంది. అది చూడగానే ఆ నమ్మకం కాస్తా ఎగిరిపోతుంది.

అంత చెడ్డ ఫోటో అది. పిట్ట చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి అంచు ఉంటుంది. ఈకలు ఇనుప తీగల్లా ఉంటాయి. వెనకాల ఆకాశమంతా రవ్వ చల్లినట్టు గరుకు. మర్యాదస్తులు ఫ్రేము బాగుందంటారు. కొంచెం చనువున్నవాళ్ళు, “ఏంది సార్ ఇది, ఇట్ల చెడగొట్టినారు?” అంటారు. ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం నేను రాయగలిగిందల్లా ఆ ఫోటో అక్కడికి ఎలా వచ్చిందన్నదే. మిగతాదంతా మీ ఫోన్లలో వీడియోలు నాకన్నా బాగా చెబుతాయి.

తుడిచే విద్య

నేను పని నేర్చుకున్నది మధుగిరిలో, ఒక మాస్టరు దగ్గర. అప్పట్లో నెగటివుని లైటు మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహంమీది ముడతలు, మొటిమల గుంటలు పూడ్చేవాళ్ళం. దాన్ని టచింగు అనేవాళ్ళం. మాస్టరు గొప్ప పనివాడు, చాలా చెడ్డ గురువు. ప్రింటు నచ్చకపోతే తడిదాన్ని తడిగానే మొహాన కొట్టేవాడు. నా మొహం అప్పట్లో ఎప్పుడూ ప్రింట్లు కడిగే హైపో మందు వాసన వేసేది. ఆయన సిద్ధాంతం ఒకటే. “గిరాకీ మనకాడికి వచ్చేది ఉండే మొహం కోసరం కాదురా, ఉండాల్సిన మొహం కోసరం,” అనేవాడు.

నేను ఆ మాటని చెవిలో పెట్టుకొని పావగడ వచ్చి స్టూడియో తెరిచాను. ఎవరు కుర్చీలో కూర్చున్నా నాకు మనిషి కనబడేవాడు కాదు, తుడవాల్సినవి కనబడేవి. నుదుట చెమట, కారిన కాటుక, బుగ్గమీది పుట్టుమచ్చ. పెళ్ళికూతుర్ని చూసి, అమ్మాయి ఎవరిలా ఉందని అడిగితే చెప్పలేను గాని, ఎన్ని మొటిమలున్నాయో మాత్రం చెప్పగలిగేవాణ్ణి.

పెళ్ళయ్యాక నా భార్య సరోజ స్టూడియో వెనక గదిలో కూర్చొని, నేను చేసేది చూసి చూసి, ఒకరోజు పెన్సిలు తీసుకుంది. కొద్ది నెలల్లోనే ఆవిడ చెయ్యి నా చేతిని మించిపోయింది. నా గీత కనబడేది, ఆవిడ గీత కనబడేది కాదు. జనం, “రామాంజీ, మీ ఇంట్లో ఆమె చేత్తోనే చేయించప్పా,” అని చెప్పి మరీ ఇచ్చిపోయేవాళ్ళు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. లోపల మండేది. ఊళ్ళో నన్ను మెచ్చుకున్న ఫోటోలలో చాలావరకు ఆవిడవేనన్న సంగతి అందరికన్నా ఆలస్యంగా ఒప్పుకున్నది నేనే.

నిడుగల్లు నుంచి గొర్రెలు కాసే కుటుంబంవాడు, తిమ్మన్న, ఒకసారి వచ్చాడు. వాళ్ళమ్మ పోయింది. ఉన్నది ఒక పెళ్ళి గుంపు ఫోటో మాత్రమే. అందులో మూలన నిలబడిన ఆమె మొహం పెద్దది చేసి ఇవ్వమన్నాడు. నాకు పండగే. చిన్న మొహాన్ని పెద్దది చేశాను, మసకని తీశాను, ముడతలు పూడ్చాను, కనుబొమ్మ పైనున్న పెద్ద మచ్చని నున్నగా తుడిచేశాను. ఫ్రేము కట్టి చేతిలో పెడితే తిమ్మన్న దాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు.

“ఈమె ఎవరప్పా?” అన్నాడు.

“మీయమ్మే తిమ్మన్నా!”

“మాయమ్మకి పొట్టేలు పొడిచిన మచ్చ ఉండాది గదా. అది యాడ పోయినాది? నేను చిన్నప్పుడు ఆ మచ్చ తడుముకుంటా పడుకుంటాంటి. ఈమె యారో షావుకారి పెండ్లాము మాదిరి ఉండాది. మా ఇంట్లో ఈమెను పెట్టుకొని నేనేం చేయల్ల?”

నేను బిక్కమొహం వేశాను. సరోజ లోపలి నుంచి వచ్చి, ఫ్రేము విప్పి, తిమ్మన్నని పక్కన కూర్చోబెట్టుకొని, “యాడ మొదలు? యాడ కడ?” అని అడుగుతూ ఆ మచ్చని ప్రింటు మీద పెన్సిలుతో మళ్ళీ గీసింది. తిమ్మన్న ఏడ్చాడు. ఆవిడ ఆ రాత్రి నాతో, “మనిషిని కడిగేస్తే ఎట్లయ్యా?” అని మాత్రం అంది. మీరు ఇక్కడితో నాకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో. రాలేదు. వచ్చి ఉంటే ఆ తేనెపిట్ట గోడ ఎక్కేదే కాదు.

నవ్వని రైతు

సోలార్ పార్కు వచ్చినప్పుడు మా స్టూడియోకి చివరిసారి పెళ్ళికళ వచ్చింది. భూములు లీజుకిచ్చే రైతులు భూమి పహణీ కాయితాలు చంకన పెట్టుకొని పాస్‌పోర్టు ఫోటోలకి బారులు తీరారు. తరువాత వాళ్ళ కొడుకులు ప్యానళ్ళు కడిగే పనికో, సెక్యూరిటీకో గుర్తింపు కార్డులకని వచ్చారు. వల్లూరు నుంచి ఒక పెద్దాయన మాత్రం, కంచె వేసేలోగా చేనులో నిలబెట్టి ఒక ఫోటో తీయమన్నాడు. శనక్కాయ పీకేసిన ఖాళీ చేను. ఆయన కట్టెలా నిలబడ్డాడు.

“కొంచెం నవ్వప్పా,” అన్నాను అలవాటుగా.

“ఏంటికి నవ్వల్ల?” అన్నాడు.

అలాగే తీశాను. ఆ ఫోటోకి సరోజ నన్ను టచింగు చేయనివ్వలేదు. నా మొత్తం పనిలో బాగున్నవాటిలో అదొకటి. అందులో నా ప్రతిభ ఏమిటంటే, చేతులు కట్టుకొని ఊరికే ఉండడం.

ఆ తరువాత అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చాయి. స్టూడియో మూసేశాను. బోర్డు దించుతుంటే రోడ్డుమీద వెళ్తున్న ఆటోవాడు ఫోన్‌తో నా ఫోటో తీశాడు. బాగా తీశాడు కూడా.

చీర చాటు

ఇంట్లో కూర్చున్నవాణ్ణి పిట్టలవైపు తిప్పింది సరోజ కళ్ళు. ఆవిడ చూపులో నట్టనడుమ ఒక మచ్చ పడింది. దేన్ని సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. చుట్టూ ఉన్నది మసకగా తెలుస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరలేదు, సూదిలో దారం ఎక్కించలేదు, నా మొహం చూడాలంటే నా చెవివైపు చూస్తుంది. పోయింది రాదని, ఆ మచ్చ ఇంకా పెద్దదవుతుందని డాక్టరు చెప్పాడు.

మా పెరట్లో ఒక మునగచెట్టు, ఒక దాసాని పూలచెట్టు, కారే కొళాయి ఉన్నాయి. పొద్దున్నే మునగకొమ్మ చివర కూర్చొని ఒక పిట్ట గొంతు చించుకొని పాడేది. సరోజ బట్టలు ఉతుకుతూ ఆగిపోయి వినేది.

“ఏమయ్యా, ఇది ఎట్లుంటాది? బొటనవేలంత గొంతులో అంత అరుపు యాడ పెట్టుకుంటాదో. కండ్లు బాగున్నన్నాళ్ళూ తలెత్తి చూసిందే లేదు. ఒకసారి నాకు చూపీ,” అంది.

అంతే. ఆ మచ్చ ఇంకా ముదిరేలోగా ఆ పిట్టని ఆవిడకు చూపించాలి. రిటైరైన నాకు ఇంతకన్నా పెద్ద ఆర్డరు రాలేదు. పెళ్ళిళ్ళకి వాడిన పాత కెమెరాకి పొడుగాటి లెన్సు సంపాదించి రంగంలోకి దిగాను.

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరుకి పిట్టల దగ్గర పరువు దక్కదని మొదటివారమే తెలిసింది. “గడ్డం కిందికి,” అంటే పిట్ట వినదు. “ఇటు చూడు,” అంటే ఎగిరిపోతుంది. కొమ్మలు మాత్రం చక్కగా ఫోజిచ్చాయి. మా మునగచెట్టు కొమ్మలన్నిటి ఫోటోలూ నా దగ్గర ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి. పాడే కాలంలో ఆ పిట్ట నల్లగా, ఎండ తగిలితే నీలంగా మెరుస్తూ ఉంటుంది. తెల్లటి ఆకాశం ముందు నల్లటి పిట్టని పెట్టి నేను తీసిన ఫోటోలన్నిటిలో అది చిరిగిన గొడుగుగుడ్డలా వచ్చింది. మీరు ఆ తప్పు చేయకండి. ఎండ మీ వీపుమీద ఉండాలి, పిట్ట వెనక ఆకాశం కాకుండా ఆకులో గోడో ఉండాలి, పిట్ట కన్నుమీద ఫోకస్ ఉండాలి. మొహంలో ముందు కన్ను తేటగా రావాలని మధుగిరి మాస్టరు చెప్పిన మాట ఒక్కటే పిట్టలకీ పనికొచ్చింది.

నన్ను చూసి పిట్ట బెదురుతోందని, సరోజ పాత చీర దండెంమీద వేసి, దాని చాటున స్టూలు వేసుకొని, చీర సందులోంచి లెన్సు బయటికి పెట్టాను. గంట సేపు కదలకుండా కూర్చున్నాను. పక్కింటి గంగమ్మ గోడపైనుంచి చూడనే చూసింది.

“ఏమన్నా రామాంజన్నా, ఈ వయసులో ఇదేం పని? మా బాత్రూం దిక్కు అంత పొడుగు గొట్టం పెట్టి చీర చాటున కూసున్నావే!”

సరోజ లోపలినుంచి, “పిట్టని తీస్తాండాడు గంగమ్మా,” అని అరిచింది.

“పిట్టో గిట్టో, గొట్టమైతే మా దిక్కే ఉండాది. మా ఆయన్ని పిల్చల్లనా?”

వాళ్ళాయన వచ్చాడు. నేను తీసినవన్నీ ఆయనకి చూపించాల్సి వచ్చింది. అన్నీ కొమ్మలే కావడంతో ఆయనకి అనుమానం పోయి జాలి మొదలైంది. మరునాటినుంచి గంగమ్మే గోడపైనుంచి, “అన్నా, వచ్చింది, వచ్చింది!” అని కేకేసి పిట్టని తోలేసేది.

మసి

వానలు వెళ్ళేసరికి పాట సన్నబడింది. ఒక ఉదయం అదే కొమ్మమీద, అదే చోట పిట్ట కూర్చొని ఉంది. కాని ఇప్పుడు ఒంటిమీద ఆ నలుపు లేదు. పొట్ట పసుపు, వీపు మట్టిరంగు. సన్నగా ఏదో గొణుగుతూ పాడుతోంది. ఫోటో కుదిరింది. కన్ను తళుక్కుమంటోంది.

కంప్యూటరులో పెద్దది చేసి చూస్తే గొంతునుంచి పొట్టదాకా నల్లటి గీత ఒకటి ఉంది. ‘అయ్యో, యాడో మసి పూసుకొచ్చింది’ అనుకున్నాను. గంగమ్మ వాళ్ళ నీళ్ళపొయ్యి పొగగొట్టం పక్కనే ఉంది, అందులో దూరి ఉంటుందని తీర్మానించాను. ఆ తరువాత నా చెయ్యి నా మాట వినలేదు. ఎన్ని పెళ్ళికూతుళ్ళ కాటుకలు తుడిచిన చెయ్యి! పక్కనున్న పసుపు తీసి గీతమీద అద్ది, ఈకలు ఒకదానికొకటి అతికించి, మధ్యాహ్నానికి పిట్టని పెళ్ళిపీటలమీద కూర్చోబెట్టేలా తయారుచేశాను.

షార్పు విషయంలో మాత్రం అప్పటికే రమ్య దగ్గర పాఠాలు చెప్పించుకున్నాను. రమ్య సోలార్ పార్కులో ఇంజనీరు, మా వీధిలోనే అద్దెకుంటుంది, సెలవురోజు బైనాక్యులర్లు మెళ్ళో వేసుకొని నిడుగల్లు కొండ చుట్టూ తిరుగుతుంది. “అంకుల్, షార్పు అనేది ఉప్పు మాదిరి. అంతా అయినాక కడాకి, కొంచెం. ఫోకస్ పోయిన ఫోటోకి ఎంత వేసినా రుచి రాదు. పిట్టకి మాత్రమే వేయండి, వెనకాల ఆకాశానికి వద్దు. తెల్ల అంచు కనపడిందంటే ఎక్కువైనట్టే,” అని చెప్పింది. ఆ మాటలు మీరూ రాసుకోండి, నూటికి నూరుపాళ్ళు నిజం. నేను అలాగే, ఉందా లేదా అన్నట్టు చిటికెడు వేశాను. మెత్తగా, మర్యాదగా, క్యాలెండరుకి పనికొచ్చేలా వచ్చింది.

టీవీలో వేసి సరోజని కూర్చోబెట్టాను. ఆవిడ సూటిగా చూసింది, పక్కకి చూసింది, తల వంచి చూసింది.

“పసుపు పూసిన గడప మాదిరి ఉండాది. పిట్ట యాడుండాది?” అంది.

“నడుమనే ఉండాది గదా!”

“నాకు నడుమ లేదు గదయ్యా,” అంది మెల్లగా.

ఆ మాటకి నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. కొళాయి విప్పి మొహం కడుక్కున్నాను.

కొసదాకా

నా బాధని ఎవరైనా మెచ్చుకుంటే తగ్గుతుందేమోనని, ఆ ఫోటోని రమ్య నడిపే పిట్టల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ‘మా పెరటి మగ తేనెపిట్ట, పాడుతూ’ అని రాశాను. రమ్య సాయంత్రం ఇంటికే వచ్చింది.

“అంకుల్, ఫోటో చానా బాగుండాది. కాని ఇది ఆడది గదా?”

“కాదమ్మా. అదే పిట్ట, అదే కొమ్మ. పాడతాంటే నా చెవులతో విన్నాను.”

“పాట కాలం అయిపోయినాక మగది నల్ల కోటు తీసేసి ఆడదాని మాదిరే అయిపోతాది. అయినా గుర్తు ఒకటి మిగిలిపోతాది. గొంతు కింద...”

నేను ఆమెని పూర్తిచేయనివ్వలేదు. నా ఫోటోకే తప్పు పడతావా అని రోషం వచ్చింది. “ఉండు, ఒరిజినలే చూపిస్తాను, ఈక ఈకకీ చూపిస్తాను,” అని తుడవని ఫోటోని టీవీలో తెరిచి, ఈకలు బాగా తేలాలని షార్పు స్లైడరుని కొసదాకా లాగేశాను. కసికొద్దీ కాంట్రాస్టు కూడా. పిట్ట చుట్టూ సున్నం గీత లేచింది, ఆకాశం రవ్వలు రవ్వలయింది. రమ్య కళ్ళు మూసుకుంది.

సరోజ మూలన కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతోంది. మొహం గోడవైపు ఉంది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

“ఉండు. తీసేయొద్దు,” అంది. మొహం గోడవైపే పెట్టుకొని, కొసకంటితో టీవీవైపు చూస్తూ, గాలిలో వేలితో పైనుంచి కిందికి గీసింది. “ఈడ నల్లగా ఒక గీత ఉండాది గదా? గొంతుకాడి నుంచి పొట్ట దంకా?”

“ఉండాది. అది మసి సరోజా. తుడిచేస్తా ఉండు.”

“తుడవద్దు!” అని గట్టిగా అరిచింది. అంత గట్టిగా ఆవిడ నామీద ఎప్పుడూ అరవలేదు. “ఆ గీతని పట్టుకొనే నేను పిట్టని చూస్తాండేది. గీతకి పైన ముక్కు, వంకరగా ఉండాది. ఈ పక్కన రెక్క. అయ్య, ఎంత చిన్నదో! ఇంత చిన్నదా అట్ల అరిచేది?”

రమ్య లేచి నిలబడింది. “అంకుల్, నేను చెప్పబోయిన గుర్తు అదే. మగదానికి ఉండే గీత. మీరు మసి అనుకొని తుడిచేసినారా?”

నేను సోఫాలో కూలబడ్డాను. మగపిట్టని తుడిచి ఆడపిట్టని చేసిన మొట్టమొదటి స్టూడియోవాణ్ణి నేనే అయ్యుంటాను. నిడుగల్లు తిమ్మన్న ఎక్కడున్నా నవ్వుకొని ఉంటాడు. రమ్యకి నవ్వు ఆగలేదు, నాకూ ఆగలేదు. సరోజ మాత్రం మమ్మల్ని పట్టించుకోలేదు. మొహం గోడవైపు తిప్పుకొని, కొసకంటితో ఆ పిట్టనే చూస్తూ కూర్చుంది. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే అది పోతుందేమోనని.

ఆ ఫోటోని కొసదాకా లాగిన షార్పుతోనే పెద్దగా ప్రింటు చేయించమంది. పెన్సిలు పట్టే గరుకు కాయితంమీదే వేయించమని గట్టిగా చెప్పింది. ఎందుకో నేను అడగలేదు. ప్రింటు వచ్చాక బల్లమీద పరిచాను. కాయితానికి టీవీకున్నంత వెలుతురు ఉండదు, ఆవిడకి గీత దొరకలేదు. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది.

“పెన్సిలు తెచ్చీ. నల్లది. మెత్తగా చెక్కు,” అంది.

చెక్కి ఇచ్చాను. ఆవిడ వేలు పట్టుకొని పిట్ట గొంతుమీద ఆనించాను. “ఈడ మొదలు,” అన్నాను. తరువాత వేలు పొట్టకి దించి, “ఈడ కడ,” అన్నాను. ఎన్నో ఏళ్ళ తరువాత సరోజ టచింగుకి కూర్చుంది. మొహం కిటికీవైపు తిప్పి, ఊపిరి బిగపట్టి, పైనుంచి కిందికి మెల్లగా గీసింది.

ఇప్పుడు పొద్దున్నే పెరట్లో పాట మొదలవగానే ఆవిడ హాల్లోకి వచ్చి, ఆ ఫోటో ముందు పక్కకి తిరిగి నిలబడుతుంది. వచ్చిన పిల్లలు ఆ తెల్ల అంచునీ, ఆ రవ్వ ఆకాశాన్నీ చూసి, కొంచెం సరిచేయొచ్చు కదా సార్ అంటారు. గొంతు కింద ఆ పెన్సిలు గీత కాస్త వంకర పోయిందని కూడా కొందరు కనిపెడతారు. అది నాకు మొదటిరోజే కనబడింది. రబ్బరు నా జేబులోనే ఉంది. తీయలేదు.